తెలియని జావియాకి కిస్తు కట్టిందెవరు?

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఒక సవాల్ ప్రతి ఏడూ వస్తుంది. ఐదు భుజాల బొమ్మ ఒకటి గీసుంటారు. నాలుగు మూలల్లో కోణాలు రాసుంటాయి: 112, 95, 130, 88. ఐదో మూలలో 'ఎక్స్' అని ఉంటుంది. ఎక్స్ ఎంత? మా హిందూపురం పిల్లలు చటుక్కున చెప్పేస్తారు. ఐదు భుజాలుంటే మొత్తం 540. నాలుగూ కూడితే 425. తీసేస్తే 115. సవాల్ ఖతం. ఆ తర్వాత వాళ్లే ఇంకో సవాల్ వేస్తారు: "దీంతో మనకేం ఫాయిదా సార్?"

ఈ రెండో సవాల్ మొదటిదానికన్నా గట్టిది. దాని జవాబు వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది లెక్కల పుస్తకంలో కాదు, తారీఖ్‌లో. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చేల తారీఖ్‌లో. ఆ ఎక్స్ విలువ డిగ్రీల్లో కాదు దోస్తులారా, ఎకరాల్లో ఉంది. అది తెలియనంత కాలం దానికి ఎవరో ఒకరు ఖీమత్ కట్టారు.

మాటల సంగతి

ముందు లఫ్జుల సంగతి. కోణాన్ని ఉర్దూలో జావియా అంటారు. త్రికోణం ముసల్లస్, చతురస్రం మురబ్బా, పంచభుజి ముఖమ్మస్, షడ్భుజి ముసద్దస్, అష్టభుజి ముసమ్మన్. షాయిరీ ఇష్టమున్నవాళ్లకి ఈ పేర్లు వేరే చోట తగిలే ఉంటాయి. ఐదేసి పంక్తుల బంద్ అయితే ముఖమ్మస్, ఆరేసి పంక్తులదైతే ముసద్దస్. 1879లో మౌలానా హాలీ రాసిన మశహూర్ నజ్మ్‌ని జనం 'ముసద్దసె హాలీ' అనే పిలుస్తారు. జావియాకి ఇంకో మానీ కూడా ఉంది. సూఫీలు దునియాకి దూరంగా కూర్చుని జిక్ర్ చేసుకునే మూల కూడా జావియానే. బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్న పెనుకొండలో ఈ రెండో అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక భూమి దగ్గరికొస్తే ఉర్దూ, ఫార్సీ, అరబీ మాటలు లేకుండా తెలుగు రైతుకి నోరే పెగలదు. రైతు, కిస్తు, ఖాతా, ఇనాం, దస్తావేజు, తాలూకా, జిల్లా, తహసీల్దారు అన్నీ అటువైపు నుంచి వచ్చినవే. హద్దు అనే మాట అరబీ. భూమి కొలతని మన పెద్దలు పైమాషీ అనేవాళ్లు, అది ఫార్సీ పైమాయిష్. దస్తావేజులో తూర్పున ఫలానా వారి చేను, పడమర వంక, ఉత్తరాన బండిదారి, దక్షిణాన ఫలానా వారి తోట అని రాస్తారు చూడండి, దాని పేరు చెక్కుబందీ. అదీ ఫార్సీ చక్‌బందీయే.

ఈ మాటలన్నీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొడవుకి మాటుంది, వెడల్పుకి మాటుంది, హద్దుకి మాటుంది, పన్నుకైతే లెక్కలేనన్ని మాటలున్నాయి. పాత దస్తావేజులు తిరగేసేటప్పుడు నాకు కనబడని మాట ఒకటే: జావియా. నాలుగు దిక్కులూ రాశారు, నాలుగు మూలలు ఎంతెంత విచ్చుకున్నాయో రాయలేదు.

నాలుగు భుజాలు తెలిస్తే చాలదా?

చాలదు. నులక మంచం పాతబడ్డాక ఏమవుతుందో చూసే ఉంటారు. నాలుగు పట్టెల పొడవు అంతే ఉంటుంది, కాని మంచం ఒక పక్కకి ఒరిగిపోతుంది. పట్టెలు మారలేదు, మూలలు మారాయి. ఒరిగిన కొద్దీ పడుకునే జాగా తగ్గుతుంది. చేనూ అంతే.

లెక్కలో చూద్దాం. కంపెనీ దొరల కాలంలో మన ఇలాఖాలో చేలు కొలిచిన గొలుసు 33 అడుగులది. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగా ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరా. ఇప్పుడు ఒక చేను నాలుగు పక్కలా 20 గొలుసులు ఉందనుకుందాం. మూలలు నిక్కచ్చిగా 90 డిగ్రీలైతే 20ని 20తో హెచ్చిస్తే 400 గుంటలు, అంటే పది ఎకరాలు. అదే చేను ఒరిగి, ఒక మూల 60 డిగ్రీలైతే? భుజాలు అవే 20 గొలుసులు. విస్తీర్ణం మాత్రం 346 గుంటల చిల్లర. ఎనిమిది ఎకరాల 26 గుంటలు. అంటే దాదాపు ఒక ఎకరా 14 గుంటలు గాయబ్. ఎవరూ ఎత్తుకుపోలేదు. అది ఎప్పుడూ లేదు, అంతే.

మూలలు కొలవకుండా చేను కొలిచే తరీఖా ఒకటి దునియా అంతటా ఉండేది. ఎదురెదురు భుజాలు కూడి సగం చెయ్యి, ఆ రెండు సగాలూ హెచ్చించు. ప్రాచీన మిస్ర్ నుంచి మన దేశం దాకా ఇదే. సులువైన పని. కాని దీనిలో ఒక గుణం ఉంది, రైతు చెవిలో వేయాల్సినది. ఈ లెక్క ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువ చూపదు. మూలలన్నీ 90 అయితే సరిగ్గా వస్తుంది, ఏ మాత్రం ఒరిగినా ఎక్కువే వస్తుంది. ఖజానా వైపే మొగ్గుతుంది గానీ రైతు వైపు ఒక్కసారి కూడా మొగ్గదు. విస్తీర్ణం మీద కిస్తు వేసే రాజ్యంలో దీని మతలబ్ ఏమిటి? లేని నేలకి కిస్తు కట్టడం. తెలియని జావియాకి కిస్తు కట్టడం.

పండితులకి తెలుసు

ఇది ఎవరికీ తెలియని రాజ్ కాదు. బ్రహ్మగుప్తుడు 628లోనే ఈ పద్ధతిని స్థూలం అని, మోటు లెక్క అని చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు వ్యవహారానికి ఒక లెక్క, సూక్ష్మానికి ఒక లెక్క వేరువేరుగా పెట్టాడు. ఆయన గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాస్కరాచార్యుడైతే 1150 నాటి లీలావతిలో గట్టిగానే మందలించాడు. నాలుగు భుజాలు మాత్రం ఇచ్చి, కర్ణమో లంబమో చెప్పకుండా విస్తీర్ణం అడిగేవాణ్ణి పిశాచం కింద జమకట్టాడు, జవాబు చెప్పేవాణ్ణీ వదల్లేదు. ఆ లీలావతిని అక్బర్ బాద్షా హుకుం మీద 1587లో ఫైజీ ఫార్సీలోకి దించాడు.

ఇటువైపు బగ్దాద్‌లో, ఖలీఫా మామూన్ కాలంలో, అల్ ఖ్వారిజ్మీ 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా' రాశాడు. ఆల్జీబ్రాకి పేరిచ్చిన కితాబు. అది ఎందుకు రాశాడో ముందుమాటలోనే చెప్పాడు: విరాసత్ పంపకాలకి, వ్యాపారానికి, దావాలకి, భూమి కొలతకి, కాలువల తవ్వకానికి. కితాబులో కొలతకి ఒక భాగం, వారసుల వాటాలకి ఒక పెద్ద భాగం ఉన్నాయి. భుజాలూ కోణాలూ సమానంగా లేని నాలుగు పలకల చేనుకి ఆయన చూపిన దారి, కర్ణం గీసి రెండు ముసల్లసులు చెయ్యమని. ఎందుకంటే ముసల్లస్ ఒరగదు. మూడు భుజాల పొడవు ఖరారైతే మూడు జావియాలూ ఖరారైపోతాయి. ఒరిగే మంచానికి వడ్రంగి అడ్డంగా ఒక చెక్క కొట్టేది ఇందుకే.

కొలతనీ విరాసత్‌నీ ఆయన ఒకే కితాబులో ఎందుకు పెట్టాడో మన పల్లెల్లో పంపకాలు చూసినవాళ్లకి అర్థమవుతుంది. మళ్లీ అక్కడికే వస్తాను.

540 ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక మూల నుంచి మిగతా మూలలకి గీతలు గీస్తే ఐదు భుజాల చేను మూడు ముసల్లసులవుతుంది. ఒక్కోదానికి 180, మూడు 180లు 540. ఆరు భుజాలకి నాలుగు ముసల్లసులు, 720. భుజాల లెక్కలో రెండు తీసేసి 180తో హెచ్చించడమే సూత్రం. గీతలు వద్దంటే కాళ్లతో చూడండి. చేను చుట్టూ గెనిమ మీద ఒక చక్కర్ కొట్టండి. ఒక్కో మూలలో కొంత తిరుగుతారు. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి మీ ముఖం సరిగ్గా ఒక్కసారి గుండ్రంగా తిరిగుంటుంది, అంటే 360. చేను చిన్నదైనా పెద్దదైనా, ఐదు మూలలున్నా యాభై మూలలున్నా ఆ 360 మారదు.

మరి ముసల్లస్‌లో 180 అని ఎవరన్నారు? యూక్లిడ్ అన్నాడు. గ్రీకులో ఉన్న ఆ కితాబు అరబీలోకి వచ్చి, నసీరుద్దీన్ తూసీ చేతిలో 1248లో 'తహ్రీర్' రూపం తీసుకుని మదర్సాల్లో శతాబ్దాలు నడిచింది. అయితే మనవాళ్లు దాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోలేదు. రుబాయీలతో దునియాకి తెలిసిన ఉమర్ ఖయ్యాం 1077లో యూక్లిడ్ మీద ఒక రిసాలా రాశాడు. అడుగున ఒక గీత, దాని రెండు కొసల్లో నిటారుగా రెండు సమానమైన గీతలు, పైన ఇంకో గీత. కింది రెండు జావియాలు 90. పైవి రెండూ ఒకదానికొకటి సమానం, అంత వరకు సరే. కాని అవి కూడా 90యేనా? తక్కువా? ఎక్కువా? మన పిల్లల ఎక్స్ సవాలే ఇది. కాకపోతే 'మొత్తం 360' అన్న వాక్యాన్నే ఖయ్యాం ముద్దాయిని చేసి బోనులో నిలబెట్టాడు. 1733లో ఇటలీలో సక్కేరీ ఇదే బొమ్మతో కుస్తీ పట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో బోల్యాయ్, లొబచెవ్‌స్కీ వచ్చి, 180 కాని లోకాలు కూడా సాధ్యమేనని చూపించారు. మొత్తం 180 కావాలంటే నేల చదునుగా ఉండాలి. ఈ షరతు గుర్తుంచుకోండి, మన కొండల మీద ఇది పనికొస్తుంది.

ఇంతలో మేస్త్రీలు తమ పని తాము చేసుకుంటూ పోయారు. పెనుకొండ 17వ శతాబ్దంలో బిజాపూర్ చేతికొచ్చింది. అదే బిజాపూర్‌లో 1656లో కన్నుమూసిన మొహమ్మద్ ఆదిల్ షా సమాధి గోల్ గుంబజ్ ఉంది. కింద మురబ్బా గది, పైన గుండ్రటి గుంబజ్. రెంటినీ కలపడానికి ఒక మురబ్బా మీద ఇంకో మురబ్బాని తిప్పి పెట్టినట్టు కమానులు అల్లారు. ఎనిమిది మొనల సితారా వస్తుంది. దాని లోపలి జావియాలు లెక్కేయండి. 16 మూలల బొమ్మ, మొత్తం 14 సార్లు 180, అంటే 2520. ఎనిమిది మొనలు ఒక్కోటి 90, వెరసి 720. మిగిలింది 1800. ఎనిమిది లోపలి మూలలకి పంచితే ఒక్కోదానికి 225. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా మొనలు కలవవు. సుల్తాన్ సమాధికి జావియా ఇంత నిక్కచ్చిగా దొరికింది. సేద్యగాడి చేనుకి దొరకలేదు. ఇల్మ్ లేక కాదు. ఎవరి కోసం ఖర్చు పెట్టాలో అన్న దగ్గర వచ్చిన తేడా.

మన కొండల మీద ముసల్లసులు

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది, టిపూ సుల్తాన్ షహీద్ అయ్యారు. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. ఆ యుద్ధంలో ఉన్న విలియం లాంబ్టన్ అనే అఫ్సర్ ఒక తజ్వీజ్ పెట్టాడు. ఒక్క గీతని నేల మీద జాగ్రత్తగా కొలిచి, అక్కడి నుంచి కొండ కొండకీ జావియాలు చూసుకుంటూ దేశమంతా ముసల్లసులతో అల్లుకుపోదామని. 1800లోనే బెంగుళూరు దగ్గర ఒక గీత కొలిచాడు, 1804లో ఇంకోటి. 1811లో గుత్తి దగ్గర మరొకటి.

బెంగుళూరుకీ గుత్తికీ మధ్య సుమారు 230 కిలోమీటర్లు. ఆ మధ్యలో ఏముంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. పెనుకొండకి పడమరగా, దాదాపు అదే అక్షాంశం మీద ఉన్న పావగడ కొండ లాంబ్టన్ స్టేషన్లలో ఒకటి. గుత్తి దగ్గరి నామ్తాబాద్ ఇంకోటి. ఆ రెంటి నడుమ అల్లిన ముసల్లసులు మన ఇలాఖా మీదుగానే పోయాయి. హిమాలయాల దాకా వెళ్లి 1841లో ముగిసిన గ్రేట్ ఆర్క్‌లో ఇదొక కీలు.

దీనికి వాడిన థియోడొలైట్ లండన్‌లో విలియం కేరీ చేసింది. బరువు అర టన్ను. వచ్చేటప్పుడు దారిలో ఫ్రెంచి వాళ్లు పట్టుకుని, తర్వాత అదబ్‌గా తిరిగి పంపారు. 1808లో తంజావూరు గోపురం పైకి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది. లాంబ్టన్ వారాల తరబడి గుడారంలో కూర్చుని దాని వంకర తీశాడు.

ఇక్కడే నన్ను పట్టి ఆపిన సంగతి ఉంది. ముసల్లస్‌లో రెండు జావియాలు తెలిస్తే మూడోది తీసివేతతో వచ్చేస్తుంది కదా? అర టన్ను యంత్రాన్ని మూడో కొండ మీదికి మోయడం ఎందుకు? మన పిల్లలైతే మోయరు. లాంబ్టన్ మోయించాడు. వీలైన చోటల్లా మూడు జావియాలూ కొలిచాడు.

ఎందుకంటే తీసివేతతో తెచ్చిన జావియా అబద్ధం ఆడినా దొరకదు. మొదటి రెండింట్లో జరిగిన ఘల్తీలన్నీ మూడోదాని నెత్తిన పడతాయి. మొత్తం మాత్రం ఎప్పుడూ 180 అని ముద్దుగా కూర్చుంటుంది. మూడూ వేరువేరుగా కొలిచి కూడితేనే 180 నోరు విప్పి గవాహీ చెబుతుంది. తేడా ఎంత, ఎక్కడో తప్పు జరిగిందా లేదా అని. స్కూల్లో 180 అనేది ఎక్స్‌ని కనిపెట్టే ఔజార్. కొండ మీద అది గవా.

ఆ గవాహీ కూడా ఎంత బారీకో చూడండి. భూమి గుండ్రం గనక దాని మీద గీసిన పెద్ద ముసల్లస్ మొత్తం 180 కన్నా కాస్త ఎక్కువ రావాలి. ప్రతి 76 చదరపు మైళ్లకి ఒక సెకను చొప్పున. ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను. మూడు పక్కలా 30 మైళ్లున్న ముసల్లస్ అయితే ఐదు సెకన్లు. అంటే మన కొండల మధ్య గీసిన ముసల్లస్ సరిగ్గా 180 వస్తే అది తప్పు! ఖయ్యాం 'చదును' మీద వేసిన సవాల్ పావగడ కొండ మీదికి అలా చేరింది.

ఈ కిస్సాలో దొరల పేర్లు అందరూ చెబుతారు. నాకు చెప్పాలని ఉన్న పేరు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. ఆర్కాటు మనిషి. గడియారాలూ నగలూ బాగుచేసే హస్తకళ. సర్వేయర్ జనరల్ బ్లాకర్ ఆయన్ని కలకత్తా తీసుకెళ్లాడు. తర్వాత ఎవరెస్ట్ దొర కాలంలో సర్వే యంత్రాల మరమ్మతు ఆయన చేతుల మీద నడిచింది. 1840లలో ఇంగ్లీషు యంత్రకారుడు బారో పోయాక ఆ కుర్చీకి ఎవరెస్ట్ ఎంచుకున్నది ఈయన్నే. ఆర్కాటు గల్లీల్లో సానబట్టిన కళ్లు దునియాలోనే మేటి జావియాలకి హామీ అయ్యాయి. ఇక అర టన్ను పెట్టెలు మోసి, కొండల మీద జెండాలు పట్టుకుని నిలబడ్డ ఖలాసీల పేర్లు ఏ నక్షా మీదా లేవు.

చేనుకి ఎప్పుడు దొరికింది?

కొండకి సెకన్ల లెక్కలో జావియా కొలిచిన అవే ఏళ్లలో చేను సంగతేమిటి? దత్తమండలాల కలెక్టర్ థామస్ మన్రో 1802లో పైమాషీ మొదలుపెట్టాడు. భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు మొదట నలుగురే. వాళ్లే ఇంకొందరికి నేర్పారు. 1805 చివరికి కొలత ముగిసింది. ఇంత వేగం గొలుసుతోనే సాధ్యం. గొలుసు పొడవు చెబుతుంది, వెడల్పు చెబుతుంది, మూల చెప్పదు. నల్లరేగడి మైదానంలో చేలు కాస్త తిన్నగా ఉంటాయి. ధర్మవరం చెరువు కింద మడులు నీళ్లు పారే వాలుని బట్టి వంకర తిరుగుతాయి. పెనుకొండ, హిందూపురం వైపు గుట్టలకీ వంకలకీ ఇరుక్కున్న చేలకి తిన్నటి మూల దొరకడమే అరుదు. ఒరిగిన మంచాలు ఎక్కువున్నది మన దగ్గరే.

సర్వే రేట్లు భారీగా ఉన్నాయని 1807లో మన్రోనే నూటికి 25 తగ్గించమని రాశాడు. దాని కారణాలు వేరు, ఆ జాబితాలో జావియా లేదు. సిఫారసు అమలు కావడానికి మాత్రం ఆయన గవర్నరై తిరిగొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

చేను మూల మీద పద్ధతిగా కన్ను పడింది 1858లో మద్రాసు సర్వే శాఖ పెట్టాక. ఊరి పొలిమేర చుట్టూ థియోడొలైట్‌తో నడిచారు. మూల మూలకీ రాయి. 23 రాళ్ల పొలిమేర అయితే లోపలి జావియాల మొత్తం 21 సార్లు 180, అంటే 3780 రావాలి. రాకపోతే మళ్లీ నడవాలి. పొలిమేర లోపల ఒక్కో సర్వే నంబరుకి జావియా కొలవలేదు, ఖ్వారిజ్మీ దారి పట్టారు. కర్ణాలు గొలుసుతో కొలిచి చేనుని ముసల్లసులుగా కోశారు. ఆ బొమ్మల పుస్తకమే ఇప్పటికీ సర్వేయర్ చంకలో ఉండే ఎఫ్ఎంబీ. ఆ కాగితం మీద అడ్డంగా కనబడే గీతలు అలంకారం కాదు. చేను ఒరగకుండా కొట్టిన చెక్కలు అవి.

మిగిలిందంతా చెల్లెలికి

విరాసత్‌కి మళ్లీ వస్తానన్నాను. అబ్బాజాన్ పోయారు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. షరీఅత్ ప్రకారం ఐదు హిస్సాలు: రెండు, రెండు, ఒకటి. పాత దస్తావేజులో పది ఎకరాలు, అంటే 400 గుంటలు. పెద్దన్న తన 160 గుంటలు తాడేసి కొలుచుకున్నాడు. చిన్నన్న తన 160 కొలుచుకున్నాడు. "మిగిలిందంతా చెల్లెలిది" అన్నారు, ఉదారంగా. కాగితం మీద మిగలాల్సింది 80. చేను ఒరిగిన చేను, ఉన్నది 346. మిగిలింది 26 గుంటలు.

ఎవరూ దొంగతనం చేయలేదు. ఉన్నది సరిగ్గా కొలిచి పంచుంటే ఆమెకి 69 గుంటలు రావాలి. ఇందులో హిసాబ్ తప్పు ఏమిటంటే ఆమె వాటాని ఎవరూ కొలవకపోవడం. తీసివేతతో తెచ్చారు. చేను ఘల్తీ అంతా పోయి ఆ ఒక్క మూలలో పడింది. లాంబ్టన్ మూడో కొండ ఎక్కింది ఇది జరగకూడదనే. మన పంపకాల్లో ఆ మూడో కొండ ఎవరూ ఎక్కరు. ఆఖరున మిగిలేది సాధారణంగా ఆడపిల్ల, లేదా ఊళ్లో లేని తమ్ముడు, లేదా ఇనాం నేలలో ఓ పక్కగా ఉండే ఖబరస్తాన్. ఎక్స్ అని రాసిపెట్టేది వాళ్ల మూలలోనే.

ఉపగ్రహం వచ్చాక

2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు, ఉపగ్రహాల సిగ్నళ్లు. గొలుసు పోయింది, థియోడొలైట్ పోయింది. మూల మీద రోవర్ నిలబెడితే ఆ బిందువు అంకెలు వచ్చేస్తాయి. జావియా కావాలంటే కంప్యూటర్ లెక్కగడుతుంది. మంచి తరక్కీ, కాదనను.

కాని ఒక్క మాట దిమాగ్‌లో పెట్టుకోండి. అంకెల నుంచి లెక్కగట్టిన జావియాలు కూడితే మొత్తం ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. ఐదు మూలలకి 540, తప్పకుండా. రోవర్‌ని గెనిమకి పది అడుగులు అవతల నిలబెట్టినా 540యే. ఎందుకంటే తప్పు బిందువులని కలిపినా అది కూడా ఐదు భుజాల బొమ్మే. వెనకటి సర్వేయర్ తప్పు చేస్తే 540 గవాహీ చెప్పేది. ఇప్పుడు ఆ గవా మూగబోయింది. బొమ్మ అందంగా మూసుకున్నంత మాత్రాన అది మీ చేను అని కాదు.

కాబట్టి గవాహీ పని ఇక మనుషులదే. రోవర్ వచ్చే రోజు ప్రతి మూలలో నిలబడండి. పక్క చేను వాళ్లనీ పిలవండి. పాత ఎఫ్ఎంబీ నకలు తీసుకుని, కనీసం ఒక్క కర్ణమైనా టేపుతో కొలిచి కొత్త నక్షాతో పోల్చండి. తేడా వస్తే గడువులోపు అర్జీ పెట్టండి. ఇంట్లో పంపకమైతే ముందు మొత్తం చేను కర్ణంతో సహా కొలవండి, ఆ తర్వాత హిస్సాలు వెయ్యండి. ఆఖరి హిస్సాని మాత్రం 'మిగిలింది' అనకండి. దాన్నీ కొలవండి. మొదట దాన్నే కొలిచినా తప్పులేదు.

ఫాయిదా ఏమిటని అడిగిన పిల్లలకి నా జవాబు ఇదీ. పరీక్షలో ఎక్స్‌ని తీసివేతతో తెచ్చి ఐదు మార్కులు కొట్టండి, హలాల్. బయటికొచ్చాక మాత్రం ఎవరి మూలలోనైనా ఎక్స్ అని రాసుంటే, లేచి అక్కడిదాకా నడిచి వెళ్లి కొలవండి.